నాలుగు పూటల క్యాబేజీ

కుట్టుపని షెడ్డులో మధ్యాహ్నం గంట కొట్టగానే మిషన్లన్నీ నోరు మూసుకుంటాయి. కటింగు మాస్టారి నోరు మాత్రం సరిగ్గా అప్పుడే తెరుచుకుంటుంది. ఆయన పొద్దున గుడ్డలు కోస్తాడు, మధ్యాహ్నం కోతలు కోస్తాడు. మొదటిదానికి జీతమిస్తారు, రెండోది మాత్రం ఊరికే చేసిపెడతాడు.

ఈమధ్య ఆర్డర్లు తగ్గి షెడ్డు వారానికి మూడురోజులే నడుస్తోంది. ఎదురుగా ఉన్న టీ కొట్టు బల్లల మీద అందరూ అన్నాలు తింటున్నారే గానీ, ఒకరి గిన్నెలోకి ఒకరు తొంగిచూడటం మానేశారు. మూతలు కూడా సగమే తీస్తున్నారు. ఆ మౌనం మాస్టారికి గిట్టదు. పైగా ఆయన దగ్గర కొత్త సరుకుంది. వాళ్ళావిడ మెట్ల మీద జారి కుడి మణికట్టు విరగ్గొట్టుకుని పన్నెండు రోజులైంది. అప్పట్నించీ ఇంట్లో వంటంతా తనదేనని మొన్న సోమవారం ఓ విడత వినిపించాడు. ఇవాళ మిగతాది.

"వంటంటే ఏముందయ్యా, కొలత!" అన్నాడు, క్యారియరు మూత పెట్టి. "ఒక్క క్యాబేజీ. ఇంటికి నలుగురం. నాలుగు పూటలు తిన్నాం."

"అదేం గొప్ప? మా ఇంట్లో మూడు పూటలొస్తుంది," అన్నాడు ఇస్త్రీ పెద్దాయన.

అలా ఎవరో ఒకరు తక్కువ చేస్తే తప్ప మాస్టారికి ఊపు రాదు.

"ఏ క్యాబేజీ పెద్దాయనా? మీది తలకాయంత ఉండుంటుంది. నాది పిడికిలంత! గుడ్డలో పీలిక మిగలకుండా కొలతలు పడేసే చెయ్యి ఇది, క్యాబేజీలో వదులుతానా? ఆకు తరిగితే దాని అవతల ఉన్న మనిషి మొహం కనపడాలి. బంగాళాదుంప చెక్కు తీశానా, ఆ తొక్క ఎంత పలచగా వచ్చిందంటే దానికి ఒక వైపే ఉంది, రెండో వైపు లేదు. ఇక ఉల్లిపాయ సంగతి వింటారా? ఒక్కటంటే ఒక్క ఉల్లిపాయ. మూడువందల అరవై పొరలు తీశాను. రోజుకో పొర. వచ్చే సంవత్సరం దాకా మా ఇంట్లో ఉల్లిపాయ కొనేది లేదు."

"మిగతా అయిదు రోజులో?" అన్నాడు టీ కొట్టు బాబాయి, గ్లాసులు కడుగుతూ.

"ఆ అయిదు రోజులూ ఉపవాసం. ఒంటికి మంచిది."

బల్ల చివర కూచున్న గుండీల చెల్లెమ్మ నవ్వలేదు. షెడ్డులో చొక్కాలకి గుండీలు కుట్టే మనిషి. ఇంట్లో ఇద్దరు పిల్లలు, మంచం దిగని మామగారు. ఒళ్ళో పాత నమూనా కాగితం ఒకటి పెట్టుకుని, దాని వెనక పెన్సిలుతో ఏదో రాస్తోంది.

"పప్పు ఎలా సరిపెట్టారన్నయ్యా?" అంది.

మాస్టారు ఆ పెన్సిలు చూశాడు. ఇరవై ఏళ్ళుగా మాట్లాడుతున్నాడు, తన మాట ఒకళ్ళు రాసుకోవడం ఇదే మొదలు. ఛాతీ ఉబ్బి చొక్కా గుండీలు బిగుసుకున్నాయి.

"రాసుకో చెల్లెమ్మా, రాసుకో. గుప్పెడు పప్పు. అంతకంటే ఒక్క గింజ ఎక్కువొద్దు. సన్న సెగ మీద పెట్టి మర్చిపోవాలి. సెగలోనే ఉంది రుచంతా. సోమవారం నాలుగు గంటలని చెప్పానా? అది మామూలు వాళ్ళకి. నేను మూడు రోజులు దించలేదు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? పప్పు పొంగి మూతని లేపింది, మూత వెళ్ళి పైనున్న అలమారని లేపింది. గింజ ఒక్కోటీ కోడిగుడ్డంత! చాకుతో ముక్కలు చేసి వడ్డించాను. మా అత్తగారు, నేను కాఫీ పెట్టినా వంక పెట్టే మనిషి, ఒక్క గింజ తిని, రెండోది చేతిలో పట్టుకుని, 'అల్లుడుగారూ, ఇన్నాళ్ళూ మిమ్మల్ని తక్కువగా చూశాను' అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది."

"పప్పులో కారమెక్కువై ఉంటుంది," అన్నాడు పెద్దాయన.

"వాసన గురించి చెప్పనే లేదు! మా పైవాటావాళ్ళు ఉత్త అన్నం కంచాల్లో పెట్టుకుని మా కిటికీ దగ్గర నిలబడి, పీలుస్తూ తినేశారు. మర్నాడు కిందవాటావాళ్ళు. మూడోనాటికి వీధివీధంతా కంచాలతో బారులు! తోపులాటలొద్దని వీధి మొదటి సగానికి పదకొండు గంటలకి, రెండో సగానికి పన్నెండింటికి కిటికీ తెరిచాను. ఏ ఇంట్లోనూ కూర వండటం లేదు. నాలుగోరోజు పొద్దున్నే మా గుమ్మంలో ఎవరు? కూరలమ్మే ఆయన! 'మాస్టారూ, కాళ్ళు పట్టుకుంటాను, ఆ కిటికీ మూసెయ్యండి, నా పిల్లలు రోడ్డున పడతారు' అని ఒకటే ఏడుపు."

"మూశారా?" టీ కొట్టు బాబాయి చేతిలో గ్లాసు ఆగిపోయింది.

"సగం మూశాను. మనిషికి జాలుండాలి కదా. అసలు సంగతి ఇంకా ఉంది. ఆ పప్పు నీళ్ళు మా ఆవిడకి రోజూ గ్లాసెడు పట్టించాను. ఎముక ఎన్నాళ్ళకి అతుక్కుంటుందన్నాడు డాక్టరు? ఆరు వారాలు. ఆరు రోజుల్లో అతుక్కుంది! అతుక్కోవడమే కాదు, బలమెక్కువై చెయ్యి రెండంగుళాలు పెరిగింది. జాకెట్టు కుడిచెయ్యి నేనే విప్పి మళ్ళీ కుట్టాను."

"ఆగవయ్యా. నిన్న బజార్లో మీ ఆవిడ చేతికి కట్టు ఉందే?" అన్నాడు పెద్దాయన.

మాస్టారు రెప్ప కూడా వెయ్యలేదు. "ఉండదా మరి? ఇంకా పెరక్కుండా కట్టాం."

టీ కొట్టు బాబాయికి నవ్వుతో పొరబోయింది. పెద్దాయన తొడ చరిచాడు. చాలా రోజుల తర్వాత ఆ బల్లల మీద నవ్వు పుట్టింది. మాస్టారు మీసం సవరించుకుని, రెండో టీ ఎవరైనా ఇప్పిస్తారేమోనని చూశాడు.

అప్పుడు గుండీల చెల్లెమ్మ పెన్సిలు కింద పెట్టింది.

"అన్నయ్యా, మీ సిలిండరు ఎప్పుడు మార్చారు?"

"ఏ సిలిండరు?"

"గ్యాసు సిలిండరన్నయ్యా. మూడు రోజులు పొయ్యి వెలిగిందన్నారుగా. ఏ తారీఖున పెట్టారు?"

మాస్టారు నోరు తెరిచాడు. "ఏ తారీఖో ఏమిటమ్మా... అది ఎప్పుడూ వంటింట్లోనే ఉంటుంది కదా!"

ఇస్త్రీ పెద్దాయన పగలబడి నవ్వాడు. "దొరికిపోయాడ్రా! మా ఇంట్లో నేను పుట్టిన తారీఖు మా ఆవిడకి తెలీదు గానీ, సిలిండరు మార్చిన తారీఖు నిద్రలో లేపి అడిగినా చెబుతుంది. నువ్వు పొయ్యి మొహం చూశావటయ్యా ఎప్పుడైనా?"

మాస్టారికి జవాబు తట్టకపోలేదు. తన వంట వాసనకి ఖాళీ సిలిండరు దానంతటదే నిండుతుందన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. కానీ చెల్లెమ్మ ఇంకా ఆయన వంకే చూస్తోంది.

"సోమవారం మీరు నాలుగు గంటలు సన్న సెగ మీద ఉంచమన్నారు," అంది. కోపంగా అన్లేదు, జరిగింది చెప్పినట్టే చెప్పింది. "గుప్పెడు పప్పుతో ఇంటిల్లిపాదికీ సరిపోతుందని పెట్టాను. మూడో గంటకి గ్యాసు అయిపోయింది. అది పదిహేనో తారీఖు దాకా రావాలి. పప్పు ఉడికిందే గానీ అన్నం వండటానికి మంట లేదు."

బల్ల మీద ఆమె డబ్బా మూత తీసే ఉంది. అందులో కొన్న బన్ను ఒకటి, సగం తిన్నది. ఇంతసేపూ మాస్టారు దాన్ని చూడనే లేదు.

పెద్దాయన చేతిగుడ్డ తీసి ఊరికే మొహం తుడుచుకున్నాడు. మాస్టారు నాలుక మీదున్న మాటని గుటుక్కున మింగేశాడు. చేదుగా దిగింది.

"వంట నాది కాదు చెల్లెమ్మా," అన్నాడు చివరికి. ఆయన గొంతు అంత చిన్నగా ఉంటుందని ఎవరికీ తెలీదు. "మా ఆవిడే ఎడమచేత్తో చేస్తోంది. నేను గిన్నె జరక్కుండా పట్టుకుంటాను. అంతే."

"మరి పప్పు?"

"ఏమో. పొద్దున్నే నానబోస్తుంది. ఓ ఉడుకు రాగానే దించేసి, పాత దుప్పట్లో చుట్టి పక్కన పెడుతుంది. సాయంత్రానికి మెత్తగా ఉంటుంది. ఎందుకలా చేస్తావని నేనెప్పుడూ అడగలేదు. దుప్పటి పాడవుతుందని తిట్టాను కూడా."

గుండీల చెల్లెమ్మ మళ్ళీ పెన్సిలు తీసింది. కాగితం మీద అప్పటిదాకా రాసినదంతా అడ్డంగా ఒక్క గీత గీసి కొట్టేసింది. కింద రెండు ముక్కలు రాసుకుంది.

మాస్టారు గొంతు సవరించుకున్నాడు. "పని అయ్యాక సరాసరి మా ఇంటికి రా. పిల్లల్నీ తీసుకురా. ఇవాళ అందరూ అక్కడే తినండి. మామగారికి గిన్నెలో పట్టుకెళ్దువుగాని. మిగతా కిటుకులు మీ వదిన దగ్గర బోలెడున్నాయి, అన్నీ చెబుతుంది."

ఆమె కాగితం మడిచి కొంగున ముడివేసుకుంది. ఆయన మొహం వంక చూసి, ఆ రోజుకి మొదటిసారి నవ్వింది.

"వస్తానన్నయ్యా. కానీ వదిన చెబుతున్నంతసేపూ మీరు వీధిలో ఉండాలి."