లేత గుల్ల

అమీర్‌పేటలోని లేడీస్ హాస్టల్ డాబా మీద, జావా కోర్సు పూర్తి చేసిన జువాలజీ అమ్మాయికి, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం దొరికిన రూమ్మేటు ఇంటర్వ్యూ ప్రాక్టీసు చేయిస్తోంది.

“గీ మూడేండ్లు ఏం చేసినవ్? చెప్పు.”

“నత్తల మీద రీసెర్చ్ అక్కా.”

“మళ్ల గదే! బెంగళూరుల బ్యాంకు ప్రాజెక్టు చేసిన అని చెప్పాలె. రెజ్యూమేల గట్లనే పెట్టినం కద.”

“అబద్ధం చెప్పాలంటే సిగ్గేస్తోంది.”

“ఈడ అందరు గట్లనే పెడ్తరు. ఇంతకు నత్తలల్ల రీసెర్చ్ ఏముంటది? అన్ని ఒక్కతీరుగనే ఉంటయి.”

“ఉండవక్కా. నేను చూసిన రెండు జాతులకీ రంగు, చారలు ఒకటే. గుల్ల నోటి అంచు మాత్రం ఒకదానికి మందంగా, బయటికి మడిచినట్టుంటుంది. రెండోదానికి పల్చగా ఉంటుంది.”

“అంచు జూస్తె తెలుస్తదన్నట్టు.”

“పెద్దవైతే తెలుస్తుంది. లేతగా ఉన్నప్పుడు రెండిటికీ అంచు పల్చగానే ఉంటుంది. అందుకే వాటికి పేరు పెట్టం. చీటీ మీద ‘లేతది, ఇంకా చెప్పలేం’ అని రాస్తాం.”

“నీ రెజ్యూమేల గట్ల రాస్తే ఎవడన్న పిలుస్తడా?”

“పిలవరు.”

“మరి? ఇప్పుడు చెప్పు. గీ మూడేండ్లు ఏం చేసినవ్?”

“బెంగళూరులో... బ్యాంకు ప్రాజెక్టు.”

“మంచిగ చెప్పినవ్. ఇప్పుడు గదే, జర తల ఎత్తి చెప్పు.”