డార్లా గొంతు

హలో… ఆ, నేనేనే, సోల్వెగ్‌ని. ఫోనెత్తావు, అదే పదివేలు.

చెంచా దగ్గరుందా? ఒక్క దెబ్బయితే అవును, రెండయితే కాదు… ఆ, వినపడింది.

పడుకున్నావేమో అనుకున్నా… రెండు. మంచిది. అయితే విను డార్లా, నేనివాళ ఏం చేశానో తెలిస్తే నవ్వుతావు.

ఆ సినిమా చూశాను.

…అవునే, అదే! కాలేజీలో మన ఆడపిల్లలందరం కలిసున్న సొరోరిటీ ఇంట్లో తీసిందే. కొవ్వొత్తులు పట్టుకుని ఇకమీదట మనం అక్కచెల్లెళ్ళం అని ఒట్లేసుకున్నామే, ఆ ఇంట్లోనే. హాల్లో మళ్ళీ వేశారని మా టెస్ టికెట్ కొనేసింది. "అమ్మమ్మా, ఊరంతా చూసింది, నువ్వు తప్ప" అని చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళింది. మధ్యాహ్నం ఆట.

నలభై రెండేళ్ళు తిట్టాను దాన్ని. ఆడపిల్లల్ని ఒక్కొక్కత్తినే చంపుతుంటే కూర్చుని చూడ్డమేం వేడుక అని…

…నవ్వకు. చెంచా అలా గలగలలాడిస్తే నవ్వినట్టే. నాకు తెలుసు.

బాగుందే. ఒట్టు. భలే బాగుంది.

ఆ ముసుగువాడు, గడ్డకట్టిన చెరువులో చేపలకోసం మంచు తొలుస్తారే, ఆ బరమా పట్టుకుని మన మెట్లమీద నిలబడ్డాడు చూడు… నా పాప్‌కార్న్ సగం ముందు వరసాయన నెత్తిమీద పోసేశాను. ఆ ఎర్ర స్వెట్టరు పిల్ల ఒంటరిగా పైకి వెళ్తుంటే, "ఒసేయ్ మొద్దూ, పైకి కాదే, వీధిలోకి పరిగెత్తవే" అని అరిచాను. గట్టిగానే! హాలంతా చప్పట్లు. టెస్ తల దించేసుకుంది. పాస్టరుగారి అమ్మాయినై ఉండి, ఈ వయసులో నేను…

…ఆ. నువ్వు కనపడ్డావు.

ఇరవయ్యో నిమిషంలోననుకుంటా. ఫ్యూజు పోయిందని నువ్వు టార్చిలైటు పట్టుకుని నేలమాళిగలోకి దిగుతావు. చస్తావని నాకు తెలుసు. నువ్వే చెప్పావుగా అప్పట్లో, "ఆ హీరోయినుకి గొంతు పోయిందే, ఆవిడ కేకలు కూడా నేనే వేశాను" అని. ఎంత గొప్పలు పోయావో! కేక కోసం చెవులు మూసుకుని సిద్ధంగా కూర్చున్నా.

కేక కాదే నన్ను పడగొట్టింది.

మెట్ల మొదట్లో నిలబడి వెనక్కి తిరుగుతావు చూడు. "నాకూ కొంచెం సూపు ఉంచండే, అంతా ఊడ్చెయ్యకండి" అంటావు. అంతే. మామూలుగా. రోజూ వంటింట్లో అన్నట్టు.

…నీ గొంతు, డార్లా.

ఎనిమిది నెలలైంది విని. ఆసుపత్రిలో క్యాన్సరని నీ గొంతు తీసేశాక, అదెలా ఉండేదో మర్చిపోయానే నేను. ఎంత తలుచుకున్నా చెవిలోకి రాలేదు. ఇవాళ వచ్చింది. కొంచెం బొంగురు, చివర్న ఆ చిన్న సాగతీత… పక్కన అందరూ భయంతో ముడుచుకుంటుంటే నేను వెక్కి వెక్కి ఏడ్చాను. టెస్ నేను భయపడ్డాననుకుంది.

…ఒక్క మాట చెప్పనీ. మొదటి ఆటకి నన్ను రమ్మన్నావు. కొత్త కోటు కొనుక్కున్నావు కూడా. "సిగ్గులేని అరుపులు వినడానికి నేను రాను" అన్నాను. ఆ ముక్క ఇన్నేళ్ళూ గుర్తుంది నాకు. నీకూ?

…ఒకటి.

తెలుసు. క్షమించు.

…ఒకటా? నిజంగా?… సరే. సరే.

అయితే రేపు పొద్దున తొమ్మిదికి కారు తెస్తాను. మందు ఎక్కించే రోజు కదా. దార్లో మిగతా కథంతా చెప్తా, ఆ బరమావాడెవరో…

…రెండా?

రేపు కాదా? తేదీ మార్చారా?… రెండు. మార్చలేదు. మరి… ఒంట్లో బాలేదా? ఎల్లుండి వెళ్దామా?

…రెండు.

డార్లా. ఇక వద్దనా? అసలే వద్దనా?

…

…ఒకటి.

ఉండు. ఉండు, కూర్చోనీ.

…డాక్టరుతో అయిందా ఈ మాట?… ఒకటి. ఇక లాభం లేదన్నాడా?… ఒకటి. ఎప్పుడు, సోమవారమా?… ఒకటి. ఆ రోజు నేను కింద కారులో కూర్చుని పదకేళీ నింపుకుంటున్నా! నువ్వు వచ్చి ఎక్కి కూర్చున్నావు, ఒక్క ముక్క కాగితం మీదైనా రాయకుండా…

…

నేను పోట్లాడితే మనసు మార్చుకుంటావా?

…రెండు. అంత గట్టిగా కొట్టక్కర్లేదు. వినపడింది.

వెస్‌కి తెలుసా? కన్న కొడుకే, వాడికి చెప్పాలిగా.

…రెండు.

నన్ను చెప్పమంటావా?

…

డార్లా? నేనా?

…ఒకటి.

అమ్మో. అది నా వల్ల కాదే. వాడు మిల్లులో పని దిగి నేరుగా నీకోసం దుప్పట్లు ఉతకడానికి వస్తాడు. వాడి మొహం చూసి ఎలా చెప్పను… ఆ. ఆ, నువ్వూ ఉంటావుగా. నా చెయ్యి పట్టుకుంటావా?… ఒకటి. సరే. ఐదింటికి వస్తాడు. అప్పుడు చెప్తాను. నేనే చెప్తాను.

…ఏంటలా ఆగకుండా కొడుతున్నావు? లెక్క అందట్లేదే నాకు. అవునా, కాదా?… ఏడుస్తున్నావా?

…ఒకటి.

లేవకు. మీ పెరటి తలుపు తాళంచెవి నా దగ్గరుంది. మంచు బాగా పడుతోంది, బూట్లు ఏవీ… ఇవిగో. ఇంకో గంటలో వాడొస్తాడు, ఈలోగా నేను పక్కనుంటా. మాట్లాడను, ఊరికే కూర్చుంటా.

పెట్టేస్తున్నా, డార్లా. వచ్చేస్తున్నా.