మెడలో బిళ్ళ

(1990లలో ఒక సంత రోజు, డుంబ్రిగుడ. లేబర్ మేస్త్రి సత్యనారాయణ జీపు దగ్గరికి సోంబరు భార్య రత్నాలు వచ్చింది.)

“మళ్ళీ మొదలెట్టకే రత్నాలూ. ఆసుపత్రీ లేదు, గీసుపత్రీ లేదు.”

“అలగనకు బాబూ. మీ అణు కరెంటు స్టేషన్ నుంచి వచ్చిన కాడినుంచీ మా సోంబరు మంచం దిగనేదు. జుట్టు కుచ్చులు కుచ్చులుగా ఊడిపోతంది. తిన్నదల్లా కక్కేత్తన్నాడు.”

“జీలుగుకల్లు మానమను.”

“నోట్లో నీల్లే నిలవట్నేదంటే కల్లంటావేటి!”

“చూడూ, అది తొలినాళ్ళలో కట్టిన స్టేషను. పాత పైపులు కారతాయి, మనోళ్ళు లోపలికెళ్ళి తుడుస్తారు. రేడియేషన్ డోసు ఎక్కువ తగిలితే కంపెనీయే ఆసుపత్రిలో పెట్టిస్తాది. నీ మొగుడికి తగల్లేదు.”

“తగల్నేదని ఎవులు సూసినారు?”

“మెడలో బిళ్ళ ఇచ్చాం గదా. దాన్ని ఆఫీసులో చూస్తే ఎంత తగిలిందో తెలిసిపోద్ది. సోంబరు బిళ్ళ ఖాళీ.”

“కాలీగా ఉండదేటి మరి? ఆ బిళ్ళ ఆడి మెడలో ఎప్పుడుంది?”

“ఏటీ?”

“మా కూతురు గుంట మెడలో కట్టినాడు బాబూ. అక్కడ మేమున్న రేకుల షెడ్డులో దానికి జొరమొచ్చింది గదా. అది మెడలో ఉంటే ఏటీ అవదని నువ్వే అన్నావు.”

“నేనా?”

“నువ్వే. మావోల్లు లోపలికెల్లడానికి బయపడతంటే, తాయెత్తు లాంటిదిరా, ఎల్లండి అన్నావు. నీ కాళ్ళట్టుకుంటాను, ఆపీసులో సెప్పు. ఆడు ఉత్త మెడతో ఎల్లినాడని సెప్పు.”

“చెప్తే నా మేస్త్రి పని పోద్ది.”

“సెప్పకపోతే ఆడు పోతాడు.”

“సరే, సరే. మీ మరిది మంగ్లు వస్తానన్నాడు, ఏడీ?”

“అదిగో, మూట కట్టుకున్నాడు. తను పనిలోకొత్తే అన్నని ఆసుపత్రిలో ఎట్టిత్తానన్నావంట?”

“రానీ, చూద్దాం.”

“చూద్దాం కాదు బాబూ.”

“చూద్దామన్నాను గదా!”

“అయితే ఒక్క మాట. మంగ్లుకి రెండు బిళ్ళలియ్యి.”

“రెండెందుకే?”

“ఒకటి ఆడికి, ఒకటి ఆడి అన్నకి. ఆ బిళ్ళ మంచిదే బాబూ. కట్టగానే గుంటకి జొరం దిగిపోనాది, ఇప్పుడు గెంతతంది. కట్టుకోనోడే పడిపోనాడు.”

“పిచ్చిదానా, అది కాపాడ్డానికి కాదే, అది...”

“అది?”

“ఏం లేదు. రెండేటి, మూడిప్పిస్తాను. బేగి జీపెక్కమను.”