మెల్లగా పాడమన్న స్తుతి

యెరూషలేము ఆలయం మెట్ల మీద, పొట్టేలు తాడు పట్టుకున్న నూనె వర్తకుడు సితారా సవరించుకుంటున్న ఆలయ పాటగాడి పక్కన కూర్చున్నాడు.

“ఓడ మునిగినప్పుడు నా చేతిలో ఉన్నవి రెండే అయ్యా, ఒక పగిలిన చెక్క, ఒక మొక్కు. బతికితే పొట్టేలును రొట్టెలతో సహా అర్పించి, దేవుణ్ణి నలుగురిలో పాడి పొగుడుతానని.”

“బతికారుగా. రండి, పాడదాం.”

“కాస్త మెల్లగా పాడదామా?”

“ఏం షావుకారుగారూ, గొంతు బాగాలేదా?”

“గొంతుకేం, బంగారం. కానీ విన్నవాళ్లంతా అర్పణ మాంసం విందుకొస్తారు కదా. సగం మాంసం ఉప్పులో వేసి ప్రయాణానికి దాచుకుందామని.”

“కుదరదు. కృతజ్ఞతార్పణ మాంసం తెల్లారేదాకా ఉంచకూడదు. ఇవాళే తినెయ్యాలి.”

“మొత్తం పొట్టేలా? ఇంట్లో నేనూ మా ఆవిడే.”

“అందుకేగా నలుగురిలో పాడమన్నది. అవునూ, సముద్రంలో దేవుణ్ణి మెల్లగానే పిలిచారా?”

“గొంతు చించుకున్నాను.”

“మరింకేం.”

వర్తకుడు నిట్టూర్చి లేచి పాట ఎత్తుకున్నాడు. పల్లవి ముగిసేలోపే అతని వీధి వీధంతా మెట్ల కింద చేరి విందుకు చేతులు కడుక్కుంటోంది.

“చూశారా అయ్యా? పొట్టేలు పోయింది, రొట్టెలూ పోయాయి. ఇక నాకు మిగిలిందేంటి?”

“మీరే.”