లారీ అంటే పరుగు

"అంకుల్, మీరు హాకీ, ఫుట్‌బాల్ రెండూ ఆడేవారట కదా. మా ఆయన వాళ్ల టీముకి కోచ్ ఎలా అయ్యారు?"

ఏటమ్మా, మీ ఆయన చెప్పలేదా? చెప్పడులే. సిగ్గు.

మా నాన్న విశాఖ వైపు నుంచి ఓడెక్కి, సముద్రం దాటి ఈ సెంబవాంగ్ రేవుకి వచ్చీసేడు. నేను పుట్టిందిక్కడే. ముందు ఫుట్‌బాల్... కాదు, హాకీయే ముందు. అది బాగా ఆడతానని ఓడల యార్డులో ఉద్యోగం ఇచ్చేరు. తరవాత సరిహద్దు అవతల జొహోర్‌లో ఒక క్లబ్బు, ఫుట్‌బాల్‌కి వాళ్లూ జీతం ఇచ్చేవారు. కోపీ, అదే కాఫీ, పది సెంట్లు ఆ రోజుల్లో. రెండాటలకీ జీతం తీసుకునే తెలుగోణ్ణి నేనొక్కణ్ణే, అయినా మా అమ్మకి మాత్రం పనీపాటా లేనోణ్ణి. మోకాలు పోయింది, ఆటా పోయింది. అంతే మరి.

తరవాత ఈ కంప్యూటర్ కుర్రాళ్లు దిగేరు కదా, ఈ పక్కనే యీషున్‌లో ఫ్లాటుకి ఆరేసి మంది. ఆదివారం బంతి తన్నేవారు, ఎటు తన్నుతున్నారో వాళ్లకే తెలీదు. చూళ్లేక నాలుగు మాటలు చెప్పేను. కోచ్ గారూ అనడం మొదలెట్టేరు. మళ్లీ గ్రౌండులో కాలు పెట్టేసరికి ప్రాణం లేచొచ్చింది.

అయితే ఒక చిక్కు. నా ఆటంతా మలాయ్ వాళ్లతో. ఇంట్లో ఎంత తెలుగైనా, గ్రౌండులో నా నోట మలాయే వస్తాది. పరిగెత్తు అనడానికి వాళ్లు 'లారీ' అంటారు. మొదటి మ్యాచి, స్కోరు సమానం, ఇంకాసేపట్లో అయిపోతాది. బంతి గోలు వైపు దొర్లుతోంది. గోలు దగ్గర మీ ఆయనే. ముందుకొచ్చి పట్టీసుకోవాలి. "లారీ, లారీ" అని కేకేసేను. మీ ఆయన రోడ్డు వైపు తిరిగి చూసేడు, ఏ లారీ మీదకొస్తందో అని. బంతి లోపలికి పోయింది.

అవతలోళ్లు నవ్వేరు. మనోళ్లు నవ్వలేదు. సరైన తెలుగొచ్చిన కోచ్‌ని చూసుకుందాం అని ఎవడో అన్నాడు, నా చెవిన పడింది. వాళ్ల తప్పేముంది. కాని ఇది కూడా పోతే ఇంక గ్రౌండు మొహం చూడను నేను, అది తెలుసు. బాధేసింది.

మరుసటి ఆదివారం విజిల్ ఇచ్చీసి వచ్చీద్దామని వెళ్లేను. కుర్రాళ్లందరూ లైన్లో నిలబడి ఉన్నారు. మీ ఆయన ఎదురొచ్చి, "కోచ్ గారూ, మీ మాట మేం నేర్చుకున్నాం. లారీ అనండి, లగెత్తుతాం" అన్నాడు.

ఇచ్చీద్దామని తెచ్చిన విజిలే నోట పెట్టుకున్నానమ్మా. గట్టిగా ఊదేను.

లగెత్తేరు.

చాల్లే, ఇంకేటి చెప్పను... మిలో చల్లారిపోతంది, తాగు. పిల్లాపాపలతో చల్లగా ఉండండి ఇద్దరూ.