అన్నయ్య జీతం

మాంగెరె పేటలో, సమోవా నుంచి వలస వచ్చినవాళ్ల పసిపిల్లల బడి అది. సాయంత్రం కొడుకుని తీసుకెళ్లడానికి వచ్చిన తల్లి, బడి నడిపే పెద్దావిడ ముందు తల ఎత్తలేకపోయింది.

“రేపట్నుంచి వీణ్ణి పంపనక్కా. ఫీజుకి గవర్నమెంటు సాయం రాదంట. మా ఆదాయం ఎక్కువంట.”

“నీకెక్కువా? మీ ఆయన చేసేది కోళ్ల ఫ్యాక్టరీలో కూలిపని, నువ్వు ఆఫీసులు ఊడుస్తావు. అసలేం రాశావే ఆ సాయం దరఖాస్తులో?”

“ఇంట్లో అందరి జీతాలూ రాశాను. నాది, ఆయనది, మా అన్నయ్యది.”

“అయ్యో పిచ్చిదానా! అన్నయ్యదెందుకు రాశావ్? వాళ్లు చూసేది మొగుడూ పెళ్లాల సంపాదనే.”

“కుటుంబం ఆదాయం అన్నారు మరి. ఒకే కుండలో తింటాం కదా. రాయకపోతే దాచినట్టు కాదూ?”

“మనకి కుటుంబమేనమ్మా. ఆఫీసోళ్లకి కాదు. ఆ కాగితం ఇలా తే. అన్నయ్య పేరు కొట్టేసి మళ్లీ పంపిద్దాం.”

తల్లి కాగితం తీసి, తనే పెన్ను పట్టుకుంది. ఆ పేరు దగ్గరికొచ్చేసరికి చెయ్యి కదల్లేదు.

“టిక్కెట్టు కొని నన్నీ దేశం తెచ్చింది అన్నయ్యేనక్కా. ఇప్పుడు కూడా వీడి కోసం బయట వ్యాన్లో కూర్చునున్నాడు.”

“గీత గీస్తే తెగే చుట్టరికమా అది? బడి మాన్పిస్తే వీణ్ణెవరు చూస్తారు? నీ పని పోదూ?”

“పోతుంది.”

“మరి?”

“నువ్వే కొట్టెయ్యక్కా. నా చేత్తో కొట్టేసి, అదే చేత్తో ఆయనకి చేమదుంపలెలా వడ్డించను?”

పెద్దావిడ పెన్ను అందుకుంది. తల్లి గోడవైపు తిరిగి నిలబడింది.

“అయిందా అక్కా?” అని అడిగింది, అటు చూడకుండానే.