వెనక గుమ్మం తాళం

1994 జూన్ ఆరో తేదీన మా పిల్లల సలహా కేంద్రంలో దుభాషిగా చేరి, ఉద్యోగం చేస్తూనే చదువు పూర్తిచేసి కౌన్సెలరుగా, ఆపైన కుటుంబ విభాగానికి అధిపతిగా ఎదిగిన మా పెద్ద మేడమ్ ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. పిల్లలు మాత్రం ఆమెను ఏనాడూ ఆ హోదాతో పిలవలేదు. నడుమున వేలాడే గుత్తిని చూసి వాళ్ళు పెట్టుకున్న పేరు ‘తాళాలమ్మ’.

ఆమె చేరిన కొత్తలో, దేశం దాటి వచ్చి ఇక్కడ స్థిరపడిన మన భాషవాళ్ళెవరూ మా గడప తొక్కేవారు కారు. పిల్లవాడికి దేనిమీదా దృష్టి నిలవడం లేదని బడి నుంచి కబురొస్తే, వాళ్ళ నాన్నా చిన్నప్పుడు ఇంతేనని తాతలు, ఇక్కడివాళ్ళకు అల్లరి కూడా జబ్బేనని తండ్రులు కొట్టిపారేసేవారు. తల్లులకు అంత తేలిగ్గా తప్పించుకునే వీలు లేదు. పిల్లవాడు కుదురుగా కూర్చోకపోతే అది తల్లి పెంపకం ఖాతాలోకే పోయేది. కిటికీలోంచి చూస్తూ పాఠం మరిచిపోయే ఆడపిల్లకైతే బుద్ధిమంతురాలన్న పేరే వచ్చేది.

మేడమ్ ఇల్లిల్లూ తిరిగి నచ్చజెప్పారు. విన్నవాళ్ళు కూడా మా ముందు గదిలో కూర్చోలేకపోయారు. దాని అద్దాల గోడ ఎదురుగానే బస్ స్టాప్, అందులో ఎవరో ఒక తెలిసిన మనిషి. అందుకని ఆమె చెత్త డబ్బాల సందులోకి తెరుచుకునే వెనక గుమ్మం తెరిపించి, మనవాళ్ళ కుటుంబాలు రెండు ఒకదానికొకటి ఎదురుపడకుండా వేళలు కేటాయించారు. రోజూ తానూ ఆ సందులోంచే వచ్చి తాళం తీసేవారు. జనం వచ్చారు. పైవాళ్ళు మెచ్చుకున్నారు, మేమూ మెచ్చుకున్నాం.

మా కేంద్రం పత్రిక ఈ సంచికకు ఆమె గురించి వ్యాసం రాస్తానని అడిగినప్పుడు ఆమె ఒక్క షరతే పెట్టారు: “రాస్తే ఆ వెనక గుమ్మం సంగతి కూడా రాయండి. దాచడం చాలా అయింది.” అందువల్ల, సంబంధించిన కుటుంబం అనుమతితోనే, ఇది రాస్తున్నాను.

ఒకే ఇంట్లో మేడ మీద ఒకరు, కింద ఒకరు కాపురముండే తోడికోడళ్ళు. చిన్నావిడ కొడుకు కాలు నిలవని పిల్లవాడు, పెద్దావిడ కూతురు కిటికీ పిల్ల. ఒకరికి తెలియకుండా ఒకరు పిల్లల్ని మేడమ్ దగ్గరికే తెచ్చేవారు. పిల్లల్ని కనగానే సరిపోదు, పెంచడం రావాలని పెద్దావిడ అందరిముందూ దెప్పుతుంటే, చిన్నావిడ ఆ మాటలన్నీ ఇక్కడ చెప్పుకుని ఏడ్చేది. చివరికి భర్త, బుద్ధి వచ్చేదాకా వాణ్ణి అమ్మమ్మ దగ్గరికి పంపేస్తానని టికెట్ కొనేశాడు. మాట్లాడదాం రమ్మని మేడమ్ పిలిస్తే అతను రాలేదు. పెద్దావిడ తన కూతురి సంగతి ఒక్కమాట చెబితే ఆ ప్రయాణం ఆగిపోతుందని మేడమ్‌కు తెలుసు. అయితే అది ఇంకొకరి రహస్యం. గ్లాసుడు మంచినీళ్ళు ఇవ్వడం తప్ప ఏమీ చేయలేకపోయానని ఆమె ఇప్పటికీ తలదించుకునే చెబుతారు.

ఒకరోజు వానకు బస్సులు తారుమారై ఒకరు ఆలస్యంగా, ఒకరు ముందుగా వెనక గుమ్మం మెట్టు మీదే ఎదురుపడ్డారు. మేడమ్ అప్పుడే తలుపు తీస్తున్నారు.

“మీరిక్కడేంటక్కా?”

“పక్కన కళ్ళద్దాల కొట్టుకొచ్చాం. వానని ఆగాం. నువ్వో?”

“మేమూ అందుకే.”

పిల్లవాడు ఈలోపు గుత్తి లాక్కున్నాడు. “పెద్దమ్మా, ఇక్కడ కళ్ళు చూడరు. బొమ్మలు పేర్చమంటారు.”

ఎప్పుడూ నోరు మెదపని ఆ అమ్మాయి అప్పుడే మాట్లాడింది. “నీలం పెట్టె నాది. వాణ్ణి ముట్టుకోవద్దనండి తాళాలమ్మా.”

పెద్దావిడ ఎవరి మొహమూ చూడలేదు. కూతురి చెయ్యి పట్టుకుని వానలోకి నడిచి వెళ్ళిపోయింది.

“వాళ్ళ పరువు కాపాడుతున్నాననుకున్నాను,” అన్నారు మేడమ్ ఆ సాయంత్రం మాతో. “ఇది సిగ్గుపడాల్సిన సంగతేనని తాళం వేసి మరీ ఒప్పుకున్నాను.”

తర్వాతి వారం పెద్దావిడ వీధి గుమ్మంలోంచి వచ్చింది. ఇద్దరు పిల్లలూ ఆమె చేతులు పట్టుకుని ఉన్నారు.

“వీణ్ణి పంపించట్లేదండీ. మా అమ్మాయీ ఇక్కడికే వస్తోందని మా మరిదితో చెప్పేశాను. నా మొహం చూడట్లేదు, చూడకపోతే మానె. ఇద్దరికీ ఒకేరోజు ఇవ్వండి.” గొంతు తగ్గించింది. “మా తోడికోడలు బస్ స్టాపులోనే నిలబడిపోయింది. మీరే పిలవండి. పిలవడానికి నాకు మొహం చెల్లట్లేదు.”

మేడమ్ రోడ్డు దాటి వెళ్ళి, చిన్నావిడను చెయ్యిపట్టుకుని తీసుకొచ్చారు.

ఆనాటి నుంచి విడివిడి వేళలు రద్దయ్యాయి, తల్లిదండ్రులు కలిసి కూర్చునే సమావేశాలు మొదలయ్యాయి. కొన్ని కుటుంబాలు రావడం మానేశాయన్నదీ నిజమే. అలా మానేసిన పిల్లలెలా ఉన్నారోనని మేడమ్ నేటికీ అడుగుతుంటారు. ఆ తాళాన్ని దయ అని మెచ్చుకున్న మేమందరం ఆమె సిగ్గులో భాగస్థులమే.

సన్మాన సభకు ఆ తోడికోడళ్ళిద్దరూ వస్తున్నారు. మేడమ్ ఆయురారోగ్యాలతో, నిశ్చింతగా, తన వాళ్ళ మధ్య చిరకాలం ఉండాలని మా కేంద్రమంతా మనసారా కోరుకుంటోంది. మమ్మల్ని చూడాలనిపించినప్పుడల్లా రావాలి. అలవాటు మానక ఇన్నేళ్ళూ ఆ సందులోంచే వచ్చిన ఆవిడ, ఇకనైనా వీధి గుమ్మంలోంచి రావాలి.